హిరో జపాన్‌లోనే ఉండిపోయాడు

2006, 07 ప్రాంతంలో వైజాగ్‌లో ఇంజనీరింగ్ వెలగబెట్టిన మా బ్యాచ్‌కి హీరోలు రెండు రకాలు. జగదాంబలోనో శరత్‌లోనో మొదటి రోజు మొదటి ఆటకి గొంతు పోయేలా అరిచి చూసొచ్చే హీరోలు ఒక రకం. వాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. రెండో రకం వాళ్ళు పెన్ డ్రైవుల్లో ఉండేవాళ్ళు. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో వచ్చిన ‘హీరోస్’ సీరియల్ గురించి చెప్తున్నాను. ఇప్పటి పిల్లల్లో చాలామందికి దాని పేరు కూడా తెలీదు. మాకు మాత్రం ఒక ఏడాది పాటు అదే లోకం. ఆ మరుసటి ఏడాది రెండో సీజన్ వచ్చింది. అప్పుడు మేం ఉసూరుమన్న వైనమే ఈ పోస్టు.

మా ఇల్లు అప్పట్లో సాలిగ్రామపురం పోర్టు క్వార్టర్స్‌లో. అక్క పెళ్ళి చేసుకుని బావగారితో న్యూజెర్సీ వెళ్ళిపోయాక, వారానికొకసారైనా దాని మొహం చూడకపోతే అమ్మకి అన్నం సయించేది కాదు. ఆ పుణ్యాన ఇంట్లోకి ఒక అసెంబుల్డ్ కంప్యూటరూ, దాని వెనకాలే బ్రాడ్‌బ్యాండూ వచ్చాయి. వెబ్‌క్యామ్ ముందు అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని మరీ కూర్చునేది. ఓ ఆదివారం అక్కతో మాటలయ్యాక బావగారు నన్ను పిలిచి, “సోమవారం రాత్రి తొమ్మిదైతే చాలు, మా ఆఫీసువాళ్ళంతా దీనికే అతుక్కుపోతున్నారోయ్. అందులో మన మద్రాసు ప్రొఫెసరు కూడా ఒకడున్నాడు, చూడు” అన్నారు. ఆయన చెప్పింది అంతే. మిగతాది మేం చూసుకున్నాం.

అప్పటి ఐదొందల రూపాయల ప్లానులో రాత్రి రెండింటి నుంచి పొద్దున్న ఎనిమిదింటి దాకా ఎంత వాడుకున్నా అడిగేవాడు లేడు. పగలు వాడితే మాత్రం బిల్లు పట్టుకుని నాన్న అడిగేవారు. అమెరికా తూర్పు తీరంలో సోమవారం రాత్రి 9 అంటే మనకి మంగళవారం పొద్దున్న ఆరున్నర. మధ్యాహ్నానికల్లా ఎవరో పుణ్యాత్ముడు ఆ ఎపిసోడ్‌ని నెట్‌లో పెట్టేసేవాడు. కాలేజీ ల్యాబ్‌లో పేరు చూసుకుని లొట్టలేయడమే తప్ప ముట్టుకోవడానికి ఉండేది కాదు. బుధవారం తెల్లవారుజాము దాకా ఆగాలి.

కంప్యూటరు ఉండేది హాల్లో, నాన్న మంచం పక్కనే. రెండింటికి పెట్టుకున్న అలారం మోగేలోపే నొక్కెయ్యాలి. లైటు వెయ్యకూడదు. మోడెం మీద ఏడీఎస్‌ఎల్ అని రాసున్న దీపం మిణుకుమిణుకుమంటుంటే ఇంకా లైను దొరకనట్టు, నిలకడగా వెలిగితే దొరికినట్టు. చీకట్లో దాని వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. హార్బర్ వైపు నుంచి ఏదో ఓడ కూత వినబడేది, నాన్న అటు నుంచి ఇటు తిరిగి పడుకునేవారు. టొరెంట్ (ఊరూవాడా ఉన్న కంప్యూటర్ల నుంచి ముక్కలుగా ఫైలు దింపే పద్ధతి) తగిలించి, మానిటర్ ఆపేసి, సీపీయూ దీపం కనబడకుండా అమ్మ కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ దాని మీదకి దించేసి పడుకోవడం. 350 ఎంబీ ఫైలు. సీడర్లు, అంటే ఆ ఫైలు పంచేవాళ్ళు, బాగా ఉన్న రోజు నాలుగింటికే అయిపోయేది. లేని రోజున, పొద్దున్న ఏడున్నరకి తొంభై ఏడు శాతం దగ్గర కదలకుండా కూర్చున్న ఆ గీతని చూస్తూ పళ్ళు తోముకునేవాణ్ణి.

సాయంత్రం కాలేజీ బస్సు దిగగానే అందరూ మా ఇంటికే. గాజువాక శీను, కంచరపాలెం మూర్తి, భీమిలి నుంచి వచ్చి మద్దిలపాలెంలో రూము తీసుకున్న సత్తిబాబు. అమ్మ ఎనిమిదింటి సీరియల్ మొదలయ్యేలోపు మాది అయిపోవాలని ఒప్పందం. మాకు ఆ ఇంగ్లీషు యాస సగమే అర్థమయ్యేది. సబ్‌టైటిళ్ళ ఫైలు విడిగా దింపుకునేవాళ్ళం. మాట ముందూ అక్షరం వెనకా అయితే సత్తిబాబు కీబోర్డు దగ్గర కూర్చుని రెండూ కలిపేవాడు. వాడు ఇంజనీరింగ్‌లో శ్రద్ధగా నేర్చుకున్న విద్య బహుశా అదొక్కటే. జపాన్ వాళ్ళ మాటలకి మాత్రం ఆ బాధ లేదు. మాట్లాడే మనిషి పక్కనే, తెర మీదే అక్షరాలు పడేవి. అది మాకు భలే నచ్చేది.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. అందులో హిరో నకమురా అనే జపాన్ కుర్రాడంటే ఆవిడకి ప్రాణం. “ఆ బొద్దు గుంటడొచ్చాడా?” అని అడిగి, వస్తే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది, రాకపోతే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. మొదటి సీజన్ 2006 సెప్టెంబర్ 25న మొదలైంది, 23 ఎపిసోడ్లు. ప్రపంచంలో అక్కడొకడూ ఇక్కడొకడూ మామూలు మనుషులకి ఉన్నట్టుండి శక్తులు వస్తాయి. ఒక్కడికీ ముసుగు లేదు, భుజాల వెనక ఎగిరే గుడ్డ లేదు. హిరో టోక్యోలో ఒక పెద్ద కంపెనీలో గుమాస్తా. తన సీట్లో కూర్చుని గడియారం వైపు కళ్ళు చిట్లించి చూసి చూసి, సెకన్ల ముల్లుని ఒక్క సెకను వెనక్కి నడిపిస్తాడు. అంతే, అదే వాడి మొదటి విజయం. దానికే రెండు చేతులూ పైకెత్తి “యట్టా!” అని గంతులేస్తాడు. టెక్సస్‌లో క్లెయిర్ అని చీర్‌లీడర్ పిల్ల, ఎంత దెబ్బ తగిలినా మానిపోతుంది. న్యూయార్క్‌లో ఐజాక్ అనే చిత్రకారుడు జరగబోయేది గీసేస్తాడు. తన స్టూడియో నేల మీద న్యూయార్క్ పేలిపోతున్నట్టు గీస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక పోలీసుకి ఎదుటివాళ్ళ మనసులో మాట వినబడుతుంది, పాపం వాడికి కాగితం మీది అక్షరం మాత్రం సరిగ్గా కనబడదు. సైలార్ అని ఒక గడియారాలు బాగుచేసేవాడు. వీళ్ళ తలలు కోసి వాళ్ళ శక్తులు లాక్కుంటాడు. వాడు దగ్గరికొస్తే టిక్ టిక్ అని చప్పుడు.

బావగారు చెప్పిన మద్రాసు ప్రొఫెసరు పేరు మొహిందర్ సురేష్. వాళ్ళ నాన్న పేరు చంద్ర సురేష్. పంజాబీ పేరుకి సురేష్ అనే ఇంటిపేరు తగిలించి మద్రాసులో పుట్టించిన ఆ రైటరుకి మేం నలుగురం చేతులెత్తి దండం పెట్టాం. ఆ ఊరు చెన్నై అయి అప్పటికి పదేళ్ళయింది, వాళ్ళకింకా మద్రాసే. ఐనా మనవాడు ఒకడున్నాడు కదా అని సర్దుకుపోయాం.

ఒక సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోవాలి. మొదటి సీజన్‌లో మనుషుల కష్టం ముందు, శక్తి తరవాత. హిరో టెక్సస్‌లో ఒక హోటల్లో చార్లీ అనే సర్వర్ పిల్లని ఇష్టపడతాడు. ఆ పిల్లకి ఒకసారి చదివింది మరిచిపోవడమంటూ ఉండదు. సైలార్ ఆమెని చంపేస్తాడు. కాపాడదామని హిరో కాలంలో వెనక్కి వెళ్తాడు. ఆరు నెలల వెనక్కి పోయి పడతాడు, దగ్గరవుతాడు, ఐనా కాపాడలేకపోతాడు. కాలాన్ని ఆపగలవాడు ఒక్క ప్రాణాన్ని ఆపలేకపోయాడు. ఆ రోజు అమ్మ సీరియల్ మొదలై ఐదు నిమిషాలైనా టీవీ దగ్గరికి వెళ్ళలేదు.

తరవాత పదిహేడో ఎపిసోడ్ ‘కంపెనీ మ్యాన్’. క్లెయిర్‌ని పెంచిన తండ్రి బెన్నెట్, అప్పటిదాకా మందపాటి ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని తిరిగే దుర్మార్గుడని అనుకున్న మనిషి. కూతురి జాడ ఎప్పటికీ తనకి తెలియకుండా తన జ్ఞాపకాన్నే చెరిపించుకుంటాడు. మూర్తికి సైలార్ పిచ్చి, శీనుకి క్లెయిర్ పిచ్చి (చెప్పాలా?), సత్తిబాబు హిరో భక్తుడు. ఆ ఎపిసోడ్ తరవాత నేను పూర్తిగా బెన్నెట్ పార్టీలోకి మారిపోయాను.

ఇక “చీర్‌లీడర్‌ని కాపాడు, ప్రపంచాన్ని కాపాడు” అన్న మాట మా కాలేజీలో ఎన్ని రకాలుగా పాడైందో. భవిష్యత్తులో నుంచి వచ్చిన హిరో, కళ్ళజోడు లేకుండా, వీపున కత్తితో, సబ్‌వే రైలుని ఆపి గడగడా ఇంగ్లీషులో ఆ మాట చెప్పి మాయమౌతాడు. సత్తిబాబు దాన్ని సిటీ బస్సులో, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కండక్టరుకి చెప్పేవాడు. మిడ్ ఎగ్జామ్స్ ముందు “యూనిట్ టూని కాపాడు, సెమిస్టర్‌ని కాపాడు” అని బోర్డు మీద రాసింది ఎవరో ఇక్కడ చెప్పను, ఆయనిప్పుడు బాధ్యత గల ఉద్యోగంలో ఉన్నాడు.

2007 మే 21న మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్. నిజం చెప్పాలంటే అక్కడే కొంచెం తేడా కొట్టింది. ఏడాది పాటు ఊరించిన యుద్ధం నాలుగు గుద్దులకీ ఒక కత్తిపోటుకీ అయిపోయింది. పక్కవాళ్ళ శక్తులు పీల్చుకునే పీటర్, ఆ శక్తి అదుపు తప్పి బాంబులా పేలబోతుంటే, ఎగరగలిగే అన్న నేథన్ వాణ్ణి ఆకాశంలోకి ఎత్తుకుపోయాడు. సైలార్ పడ్డచోట రక్తపు చార మురుగు కాలవ మూత దాకా పోయి ఉంది, పక్కన ఒక బొద్దింక పాకుతోంది. హిరో మటుకు 1671 నాటి జపాన్‌లో వెళ్ళి పడ్డాడు.

ఆ నాలుగు నెలలూ మా సాయంత్రాలన్నీ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా గట్టు మీదే. కుర్సురా నీడ ఇసక మీద పొడుగ్గా పడే వేళకి మురీ మిక్చర్ బండి వచ్చేది. ఆ బండాయన చెయ్యి చూస్తే హిరో ఎందుకూ పనికిరాడు. స్టీలు డబ్బాలో మరమరాలు, వేరుశెనగలు, ఉల్లిపాయ, టమాటా, కారం, కొత్తిమీర పడేసి, నిమ్మచెక్క అలా పిండి, గరిటెతో టకటకటక నాలుగు దెబ్బలు. పొట్లం చేతికొచ్చేసరికి మరమరం ఇంకా కరకరలాడుతూనే ఉండాలి, రెండు నిమిషాలాగితే మెత్తబడిపోతుంది. మేం మాటల్లో పడి ప్రతిసారీ మెత్తబెట్టుకునే తినేవాళ్ళం. సైలార్ చచ్చాడా లేదా? పీటర్, నేథన్ బతికారా? హిరో వెనక్కి ఎలా వస్తాడు? అందరికీ శక్తులేంటో తెలిసిపోయాయి, ఒకళ్ళకొకళ్ళు పరిచయమయ్యారు, ఇక రెండో సీజన్‌లో మొదటి ఎపిసోడ్ నుంచే కలిసికట్టుగా దున్నేస్తారని మా లెక్క. మూర్తి నోటు పుస్తకం వెనక పేజీలో ఎవరెవరు ఏ జట్టో బొమ్మ కూడా వేశాడు.

2007 సెప్టెంబర్ 24. మేం ఫైనలియర్‌లోకి వచ్చాం. ఎపిసోడ్ పేరు ‘నాలుగు నెలల తరవాత’. దింపాం, కూర్చున్నాం, చూశాం.

దున్నెయ్యడం మాట దేవుడెరుగు, అందరూ చెల్లాచెదురు. క్లెయిర్ కొత్త ఊళ్ళో కొత్త బళ్ళో చేరి శక్తి దాచుకుంటోంది, అంటే మొదటి సీజన్ మొదట్లో ఎక్కడుందో అక్కడికే వచ్చింది. పీటర్ ఐర్లండ్‌లో ఒక షిప్పింగ్ కంటెయినర్లో బేడీలతో దొరికాడు. తానెవరో వాడికే తెలీదు. (పోర్టు క్వార్టర్స్ వాళ్ళం కాబట్టి కంటెయినర్ని చూసి నాన్న కూడా ఓ క్షణం ఆగారు, “లోపల గాలాడదు గదా, ఎలా బతికాడు?” అని అడిగి వెళ్ళిపోయారు.) హిరో జపాన్‌లో. చిన్నప్పటి నుంచి కథల్లో విన్న మహావీరుడు టకేజో కెన్సె తీరా చూస్తే తాగుబోతు తెల్లవాడు. వాణ్ణి వీరుడిగా మార్చే పని మన హిరో నెత్తినేసుకున్నాడు.

సరే, మొదటి వారం కదా అనుకున్నాం. రెండో వారం కూడా సరే అనుకున్నాం. మూడో వారానికి సత్తిబాబు సబ్‌టైటిళ్ళు సరిచెయ్యడం మానేశాడు. మాట ఒకచోట అక్షరం ఒకచోట పోతున్నా ఎవరమూ అడగలేదు.

“ఒరే, ఈడు జపాన్ నించి ఎప్పుడొస్తాడ్రా?” అనేవాడు శీను.

“ఎల్లినోడు ఎల్లినట్టే ఉన్నాడు. రేషన్ కార్డు కూడా అక్కడికే మార్పించేసుకున్నట్టున్నాడు,” అనేవాడు మూర్తి.

వాడి హిరోని అలా అంటుంటే సత్తిబాబు నోరెత్తలేదు. అదీ పరిస్థితి.

కొత్తవాళ్ళని దింపారు. మాయా, అలెహాండ్రో అని అక్కా తమ్ముడూ. ఆ పిల్ల కళ్ళ నుంచి నల్లటి నీళ్ళు కారితే చుట్టుపక్కలవాళ్ళు చచ్చిపోతారు, తమ్ముడు చెయ్యి పట్టుకుంటే మళ్ళీ తేరుకుంటారు. వినడానికి బానే ఉంది. కానీ ప్రతివారం ఆవిడ ఏడవడం, ఆయన చెయ్యి పట్టుకోవడం, ఇద్దరూ సరిహద్దు వైపు నడవడం. వారం వారం నడుస్తూనే ఉన్నారు. సైలార్‌కి శక్తులన్నీ పోయాయి, వాణ్ణీ వాళ్ళతో కార్లో కూర్చోబెట్టారు. చూసిన ఏ పనైనా వెంటనే చేసెయ్యగల మోనికా అనే న్యూ ఆర్లియన్స్ పిల్ల బాగుంది. కరెంటు చేతుల ఎల్ ఇంకా బాగుంది. వీళ్ళిద్దరికీ సరిగ్గా పనిచ్చింది మాత్రం లేదు.

అమ్మ అన్న మాట చెప్పకుండా ముందుకి పోలేను. పీటర్ “నేనెవరు?” అని ఐరిష్ పిల్ల కైట్లిన్ వైపు దీనంగా చూస్తున్నాడు. అమ్మ గుమ్మంలో నుంచి పకపకా నవ్వింది. “మా సీరియళ్ళని వెక్కిరిస్తారు గదర్రా మీరు! మా కోడలికి మొన్న శ్రావణమాసంలోనే మతి పోయింది. మీవోడికి ఇప్పుడా?” అంది. నలుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్ళం ఉన్నాం, ఒక్కడి దగ్గర జవాబు లేదు.

ఆ నవ్వులోనే అసలు రోగం బయటపడిందని నాకు తరవాత తరవాత అర్థమైంది. పీటర్ పక్కనున్నవాళ్ళ శక్తులన్నీ పీల్చుకోగలడు. హిరో కాలాన్నే తిప్పగలడు. వీళ్ళిద్దరూ స్పృహలో ఉంటే ఏ కష్టమైనా పది నిమిషాల్లో తీరిపోతుంది. మొదటి సీజన్‌లో శక్తులు పంచేటప్పుడు వెనకాముందూ చూడకుండా పంచేశారు, రెండో సీజన్‌కి వచ్చేసరికి ఆ శక్తులే గుదిబండలయ్యాయి. అందుకని ఒకడికి మతి పోగొట్టారు, ఒకణ్ణి మూడొందల ఏళ్ళ అవతల పడేశారు, ఒకడి శక్తి ఊడబెరికారు. వాళ్ళు మళ్ళీ నేర్చుకుంటుంటే మనం మళ్ళీ చూడాలి. దానికి తోడు మళ్ళీ ఐజాక్ బొమ్మలు, మళ్ళీ రాబోయే ప్రళయం. అప్పుడు బాంబు, ఇప్పుడు వైరస్. మా అత్తగారి ఊళ్ళో పెళ్ళి మర్నాడు వడ్డించే కలగూర పులుసు ఇంతకంటే కొత్తగా ఉంటుంది.

ఇంకోటి. తొమ్మిదో ఎపిసోడ్‌లో మా బెన్నెట్‌ని మొహిందర్ కంట్లో కాల్చేస్తాడు. గుండె ఆగినంత పనైంది నాకు. ఆ ఎపిసోడ్ అయ్యేలోపే క్లెయిర్ రక్తం ఎక్కించారు, లేచి కూర్చున్నాడు. బతికాడని ముందు సంతోషించాను. మర్నాడు కాలేజీ బస్సులో కూర్చున్నాక ఏదో వెలితి. చార్లీ చచ్చిపోతే అందరం ఏడ్చాం, ఎందుకంటే పోయిన మనిషి తిరిగి రాదు. ఇక్కడ ఒక సీసా రక్తం ఉంటే చాలు. ఇక ఎవరికి ఏమైనా మాకెందుకు భయం?

ఆ సీరియల్ సృష్టికర్త టిమ్ క్రింగ్ మొదట్లో సీజన్ సీజన్‌కీ కొత్త మనుషుల్ని తెద్దామనుకున్నాడట. హిరో, క్లెయిర్, సైలార్‌ల మీద జనం మోజు చూసి వాళ్ళని వదులుకోలేకపోయారు. వదులుకోలేరు సరే, వాళ్ళని ఏంచేయాలో కూడా తెలీలేదు. కొత్తవాళ్ళని పూర్తిగా నమ్మలేదు, పాతవాళ్ళకి పని చూపించలేదు. నన్నడిగితే రెండో సీజన్ పోయింది అక్కడే.

నవంబరులో ఓ విచిత్రం జరిగింది. క్రింగ్‌గారు ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చి తప్పులన్నీ తనే ఒప్పుకున్నాడు. కథ నత్తనడక నడిచిందన్నాడు. కొత్త పాత్రల్ని అసలు కథతో ముడిపెట్టకుండా దింపామన్నాడు. హిరోని జపాన్‌లో మరీ ఎక్కువ రోజులు ఉంచేశామన్నాడు. ప్రేమకథలు అతకలేదన్నాడు. శీను ఆ ఇంటర్వ్యూని నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చాడు, పేజీ రెండ్రూపాయలు. బీచ్ గట్టు మీద కూర్చుని పైకి చదివాడు. మేం సీజన్ మొదలైనప్పటి నుంచీ మురీ మిక్చర్ తింటూ తిట్టినవే, వరసలో కూడా పెద్ద తేడా లేదు. ఆయన మీద కోపం ఉండాలి నిజానికి. మా వాళ్ళకి మటుకు గర్వం వచ్చేసింది. మా మాట హాలీవుడ్ దాకా వినబడ్డట్టు మూర్తి కాలర్ ఎగరేసుకుంటూ ఇంటికి పోయాడు.

మన సినిమావాళ్ళలో ఎవరైనా పోయిన సినిమా గురించి, అది ఇంకా హాళ్ళలో ఆడుతుండగా, అలా చెప్పగా విన్నారా? నేను వినలేదు. సక్సెస్ మీట్ పెడతారు.

హిరో ఏడో ఎపిసోడ్‌లో మొత్తానికి ఇల్లు చేరాడు. అది వచ్చింది నవంబర్ 5న. సరిగ్గా అదే రోజున అమెరికాలో రైటర్లు సమ్మెలోకి దిగారు. దాదాపు 12 వేల మంది. మాకు ఆ సంగతి కొన్ని రోజుల తరవాత తెలిసింది. 24 ఎపిసోడ్లనుకున్న సీజన్ 11తో ఆగిపోతుందని చదివి సత్తిబాబు మండిపడ్డాడు. “సగంలో కలాలు పడేసి పోతారేట్రా? జీతాలు తీసుకోటంలేదా?” అని మా హాల్లో కూర్చుని చెడామడా తిట్టాడు.

నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. పోర్టులో యూనియన్ మనిషి ఆయన, గేటు మీటింగుల్లో మాట్లాడేవారు. సమ్మె అన్న మాట చెవిన పడితే ఊరుకోరు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నారు.

“ఎవుళ్ళూ? కథలు రాసేవోళ్ళా? ఆళ్ళకీ యూనియనుందా?”

“ఉంది మావయ్యగారూ. రైటర్స్ గిల్డ్ అని.”

“ఇంతకుముందు ఎప్పుడైనా సేసినారా?”

నేను చదివింది చెప్పాను. 1988లో ఐదు నెలలు చేశారని.

“ఐదు నెల్లే! గట్టోళ్ళే. మరి డిమాండేటి?”

డీవీడీలు అమ్ముడైతే రైటరుకి వచ్చే వాటా చాలా తక్కువనీ, అది క్యాసెట్ల కాలంలో కట్టిన లెక్క అనీ చెప్పాను. ఆ పైన, ఇప్పుడు జనం ఇంటర్నెట్లో చూడ్డం మొదలెట్టారు, దాంట్లో తమకి రావాల్సింది రావట్లేదు, అదే అసలు గొడవ అని కూడా చెప్పాను. చెప్తూ చెప్తూ ఎటు పోతున్నానో నాకే అర్థమైంది కానీ మాట ఆగలేదు.

నాన్న కంప్యూటర్ వైపు చూశారు. ఎంబ్రాయిడరీ గుడ్డ వైపు చూశారు.

“మరి మీరు చూస్తన్నది ఎక్కడా?” అన్నారు.

శీను దగ్గాడు. మూర్తి చెప్పులు వెతుక్కోవడానికి వరండాలోకి వెళ్ళాడు. “సమ్మెంటే ముందు పోయేది ఆళ్ళ జీతవేరా. ఊరికినే ఎవుడూ గేటు బయట నిలబడడు,” అని నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయారు. సత్తిబాబు ఆ తరవాత మా ఇంట్లో రైటర్లని ఒక్క మాట అనలేదు.

రెండో సీజన్ గురించి ఇప్పటికీ చాలామంది, సమ్మె వల్లే పాడైపోయింది పాపం అంటారు. అది అన్యాయం. సమ్మె మొదలైన రోజు రాత్రికే ఏడు ఎపిసోడ్లు జనంలోకి వచ్చేశాయి, జనం మొహం చిట్లించేశారు, క్షమాపణ కూడా అదే నెలలో వచ్చింది. పాడైంది పనిలో ఉన్న రోజుల్లోనే. సమ్మె చేసిందల్లా డిసెంబర్ 3న పదకొండో ఎపిసోడ్‌తో కథని తెంపెయ్యడం. వైరస్ సీసా కిందపడి పగిలి, రోగం బయటికి పాకేలా ముందు తీశారట. సమ్మె వల్ల మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో తెలీక, పీటర్ దాన్ని గాల్లోనే పట్టేసుకున్నట్టు మార్చారు. మొదట తీసిన ముగింపుని తరవాత డీవీడీలో పెట్టారు. ప్రెస్ మీట్లో నేథన్ మీద తూటాలు పేలడంతో సీజన్ ఐపోయింది. ఆఖరి సన్నివేశం అయ్యాక ఎప్పుడూ అరగంట వాదించుకునేవాళ్ళం, ఆ రోజు అమ్మ సీరియల్ ఇంకా మొదలవకుండానే ఎవరి దారిన వాళ్ళు బస్సెక్కేశారు.

ఆ వైరస్ కథ మాత్రం ఇంకోసారి గుర్తొచ్చింది. ఆ సీజన్‌లోనే పీటరూ కైట్లినూ భవిష్యత్తులోకి వెళ్తే, రోగం వచ్చి ఖాళీ అయిపోయిన న్యూయార్క్ వీధులు కనబడతాయి. అప్పుడు “ఏటిరా ఈ గోల” అని నవ్వుకున్నాం. 2020 ఏప్రిల్‌లో నాన్నకి మందుల కోసం బండి మీద వెళ్తుంటే బీచ్ రోడ్డు మీద సబ్‌మెరైన్ దాకా ఒక్క పురుగు లేదు. నవ్వు రాలేదు.

సమ్మె 2008 ఫిబ్రవరి 12న ముగిసింది. రెండో సీజన్ మిగతా ఎపిసోడ్లు మాత్రం రానేలేదు. మూడోది సెప్టెంబర్‌లో మొదలయ్యేసరికి శీను చెన్నైలో ట్రైనింగ్, మూర్తి హైదరాబాద్, నేను పుణె. ఆఫీసు నెట్‌లో టొరెంట్లు నడవవు. గెస్ట్ హౌస్‌లో ఎవడిదో హార్డ్ డిస్కులో మూడో సీజన్ మొదటి నాలుగైదు చూశాను. ఎవరు మంచో ఎవరు చెడో వారానికోసారి మారిపోతుంటే వదిలేశాను. నాలుగో సీజన్‌తో 2010లో దాన్ని ఎత్తేశారు. 2015లో పేరు కొంచెం మార్చి మళ్ళీ తెచ్చారు, అదీ ఒక్క సీజన్‌తో సరి. సైలార్ వేసినతను ఈలోగా ‘స్టార్ ట్రెక్’ సినిమాల్లో స్పాక్ అనే పెద్ద పాత్ర అయిపోయాడు, దాంతో మూర్తి ఒక్కడే లాభపడ్డాడు.

ఆఖరి దాకా వదలకుండా చూసింది సత్తిబాబే. నాలుగు సీజన్లూ, ఆ పైన వచ్చిందీ. భక్తి అంటే అదీ. ఆమధ్య భీమిలిలో వాళ్ళ తమ్ముడి పెళ్ళికి కలిస్తే, భోజనాల దగ్గర మొత్తం కథ చెప్పాడు. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎన్నిసార్లు చచ్చి లేచారో, పులిహోర నుంచి పెరుగన్నం దాకా చెప్పుకొచ్చాడు. అంతా విని, నాకు పదేళ్ళుగా మిగిలిపోయిన సందేహం ఒక్కటి అడిగాను. రెండో సీజన్‌లో పీటర్ ఆ ఐరిష్ పిల్లని వెంటబెట్టుకుని భవిష్యత్తులోకి తీసుకెళ్ళి, తనొక్కడే వెనక్కి వచ్చేశాడు గదా, ఆ పిల్లని మళ్ళీ ఎప్పుడైనా తీసుకొచ్చారా అని.

సత్తిబాబు చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. కాసేపు ఆలోచించాడు.

“ఏ పిల్లరా?” అన్నాడు.